కారు మీద నీలం గీత

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా ఇంట్లోనే కాదు, నాచారంలో నేను పనిచేసే మందుల కంపెనీ ల్యాబులో కూడా అందరికీ తెలుసు. అక్కడ అది పనికొస్తుంది. క్వాలిటీ కంట్రోల్‌లో ఉన్నదాన్ని, అనుమానపడటమే నా ఉద్యోగం. శాంపిల్ తేడాగా కనిపిస్తే ఎవరు బతిమాలినా సంతకం పెట్టను. ఆ అలవాటును ఇంటిదాకా తెచ్చుకోవడమే నేను చేసిన తప్పు.

ఉప్పల్‌లో మా ఇల్లు ఒక సన్నటి గల్లీలో ఉంది. లోపల మెట్లకే చోటు సరిపోయింది, కారుకు లేదు. అందుకని కొన్న రోజు నుంచీ కారు బయటే, గోడ వారన, గేటుకు దగ్గరగా ఉంటుంది. ఒక ఆదివారం చర్చికి బయలుదేరి చూస్తే తెల్లటి ముందు బంపర్ ఎడమ మూలన జానెడు గీత, ఆ గీత నిండా నీలం రంగు. ఎదురింటి అన్న ట్రాలీ ఆటో నీలం. ఆయన రోజూ పొద్దున్నే నాచారం ఫ్యాక్టరీలకు సామాను తోలుతాడు, మా కారు ముందే బండి తిప్పుకుంటాడు. ఇంకేం సాక్ష్యం కావాలి నాకు?

"అన్నా, తగిలిస్తే తగిలించినవ్, చెప్పాలె గదా" అన్నాను.

ఆయన వచ్చి వంగి చూసి, గీతను వేలితో తుడిచి, "నా బండి తాకలే చెల్లె. తాకితే నేనే వచ్చి చెప్త" అన్నాడు.

అక్కడితో ఊరుకోవలసింది. చేతిలో బైబిలు పట్టుకుని, జనం గుమ్మాల్లోకి వచ్చేదాకా అరిచాను. "కెమెరా పెట్టిస్త. అప్పుడు తెలుస్తది దొంగ ఎవరో" అన్నాను. ఆయన భార్య తలుపు పట్టుకుని నిలబడి అంతా వింది.

"పెట్టియ్యుండ్రి మేడం" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

నేను పెళ్లై ఈ గల్లీకి వచ్చిన నాటి నుంచీ ఆయన నన్ను చెల్లె అనే పిలిచాడు. మా బియ్యం బస్తా ఆయన ట్రాలీలోనే వచ్చేది, మెట్లెక్కి వంటింట్లో పెట్టిపోయేవాడు. ఆ మర్నాటి నుంచి ట్రాలీని మెయిన్ రోడ్డు మీద ఆపుకుని ఇంటికి నడిచి రావడం మొదలుపెట్టాడు. "చూసినవా, తప్పు తెలిసే పక్కకు జరిగిండు" అని మా ఆయనతో అన్నాను. "నువ్వు గంత మాటన్నంక ఇంకేం జేస్తడు" అన్నాడాయన. నేను వినిపించుకోలేదు.

కారు ముందు అద్దానికి పెట్టే కెమెరా ఎంచుకోవడానికి రెండు వారాలు పట్టింది. హబ్సిగూడలో కార్ల సామాన్ల షాపతను మొదట బొమ్మ బాగా స్పష్టంగా వచ్చే ఫోర్ కే అన్నాడు, తర్వాత పెద్ద స్క్రీన్ చూపించాడు. నాకు స్క్రీనుతో పని లేదు. కెమెరాను షాపు బయట పట్టుకోమని చెప్పి, మెట్రో పిల్లర్ల నీడలో పోయే బండ్లను తీయించాను. వీడియో ఆపి చూస్తే కొన్నిట్లో నంబర్ ప్లేటు చదవడానికే రాలేదు. అవి పక్కన పెట్టేశాను. మా కంపెనీలో కారు రోజంతా ఎండలోనే ఉంటుంది కాబట్టి లోపల బ్యాటరీ ఉన్నవి వద్దన్నాను, వేడికి ఉబ్బుతాయి. బ్యాటరీ బదులు వేడిని తట్టుకునే కెపాసిటర్ ఉన్నది కావాలన్నాను. ఆగి ఉన్నప్పుడు ఏదైనా తాకితే తనంతట తనే రికార్డు చేయాలి, కారు బ్యాటరీ తగ్గిపోతుంటే ఆగిపోవాలి, మెమరీ కార్డు రోజూ రాసి చెరిపినా తట్టుకోవాలి. షాపతను అన్నీ విని, "మేడం, మీ బండికి ఎవరు ఏం జేసిన్రు?" అని అడిగాడు. నేను నవ్వలేదు.

పెట్టించాక మొదటి వారం కుక్క బానెట్ ఎక్కినా వీడియో వచ్చింది, వాటర్ ట్యాంకర్ పోయినా వచ్చింది. సెన్సార్ పదును తగ్గించాను. తర్వాత చాలా రోజులు ఏమీ రాలేదు. పట్టుబడతాడని తెలిసే జాగ్రత్తగా ఉంటున్నాడనుకున్నాను. అంత ముదిరింది నా అనుమానం.

వానాకాలం మొదట్లో, ఒక రోజు పొద్దున డ్యూటీకి పోబోతూ చూస్తే మొదటి గీత పక్కన ఇంకొకటి. నాకు కోపం కన్నా సంతోషమే ఎక్కువైంది. కారులో కూర్చుని ఫోన్‌లో వీడియో తెరిచాను.

అప్పుడే తెల్లవారుతోంది. గల్లీలో ఎవరూ లేరు. గాలికి మా గేటు రెక్క బయటికి తెరుచుకుని వచ్చి బంపర్ మూలకు కొట్టింది. కెమెరా అదిరింది. గేటు వెనక్కి పోయి మళ్లీ వచ్చింది. గేటు గొళ్లెం విరిగి నెలలైంది. మా ఆయన ఫస్ట్ షిఫ్టుకు ఐదింటికే పోతూ దగ్గరికి లాగి పోతాడంతే.

ఎదురింటి నుంచి అన్న వచ్చాడు, భుజాన తువ్వాలుతో. మెయిన్ రోడ్డు వైపు పోబోతూ ఆగాడు. గేటును పట్టి ఆపి, దగ్గరికి వేసి, గోడ పక్కనున్న ఇటుకను జరిపి అడ్డం పెట్టాడు. కారు మూలను వంగి చూశాడు. తుడుద్దామని తువ్వాలు తీశాడు కానీ, తాకకముందే చేయి వెనక్కి తీసుకున్నాడు. కెమెరా లైటు కనిపించినట్టుంది. రెండడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ చాచి, అరచేతులు కెమెరాకు చూపించాడు. కాసేపు అట్లాగే నిలబడి వెళ్లిపోయాడు.

ఆ వీడియో మళ్లీ చూసే ధైర్యం నాకు లేకపోయింది. మా ఆయనకు ఫోన్ చేసి, గేటుకు రోజూ ఇటుక పెడుతున్నావా అని అడిగాను. "ఏ ఇటుక?" అన్నాడు. నేను మాత్రం దాన్ని రోజూ పొద్దున గేటు కిందనుంచి కాలితో పక్కకు నెట్టి బయటికి వస్తున్నాను.

దిగి గేటు చూశాను. నీలం గేటు. అంచున నా కారు తెల్ల రంగు. ల్యాబులో రోజూ రెండు రంగులు పక్కపక్కన పెట్టి చూసేదాన్ని, ఇంటి గేటు ఏ రంగో చూడలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

తిట్టింది అందరి ముందు కాబట్టి ఒప్పుకునేది కూడా అందరి ముందే అనుకున్నాను. ఆదివారం అదే వేళకు గల్లీ మధ్యలో నిలబడి, "మా గేటే తాకింది. అన్నను దొంగన్న. తప్పు నాదే" అని చెప్పాను. వీడియో చూపించబోతే ఆయన వద్దని తల ఊపాడు.

"గొళ్లెం పెట్టియ్యుండ్రి మేడం. గాలి మస్తుగొస్తుంది" అన్నాడు. ఆయన భార్య తలుపు వేసేసుకుంది.

ఆ రోజే గొళ్లెం పెట్టించాను. నాలుగు రోజులకు ట్రాలీ మళ్లీ ఇంటి ముందుకొచ్చింది. నెల తిరిగేసరికి నేను అడగకుండానే బియ్యం కూడా తెచ్చాడు. ఇదివరకైతే నేరుగా మెట్లెక్కి వంటింట్లోకి వచ్చేవాడు. ఈసారి బస్తా గేటు దగ్గర దించి, కారుకు దూరంగా నిలబడి, "మేడం, బియ్యం" అని పిలిచాడు.