తోరణమెక్కిన ఏనుగులు

తప్పు నాదే. ఓరుగల్లు తోరణం మీదికి ఏనుగులను ఎక్కించింది నేనే.

సకల జనుల సమ్మె రోజులు. స్టేషన్ ఘన్‌పూర్‌లో దీక్షా శిబిరం పక్క గోడ మీద కోట తోరణం వేయడానికి సదానందం ఒప్పుకున్నాడు. ఊరందరికీ ఆయన మామే. ముప్పై ఏళ్లుగా ఇక్కడ ఏ దుకాణం బోర్డయినా ఆయన చేతిదే. ప్రతి బొమ్మ కింద ‘సదా ఆర్ట్స్’ అని సంతకం ఉండాల్సిందే, పెళ్లి పత్రికలో మేనమామ పేరంత పెద్దగా. బస్సెక్కితే గంటలో చేరే తోరణాన్ని మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు. చూసి వేయడానికి ఉన్నది పాత క్యాలెండర్ బొమ్మ. దాని పైభాగాన్ని చెదలు తినేశాయి.

“పైన ఏమున్నయిరా? బడి పిల్లలతోని పోయినవు గద?” రంగులు కలుపుతున్న నన్ను అడిగాడు.

“ఏనుగులు మామా. రెండు. తొండాలు లేపి ఉంటయ్.”

తిడతాడనుకున్నాను. నమ్మాడు. నేను చాయ్ తాగొచ్చేసరికి రెండేనుగులూ కాళ్లకు గజ్జెలతో సహా తోరణమెక్కి నిలబడ్డాయి. చెబుదామనుకున్నాను గానీ, నవ్వాపుకోవడానికే సరిపోయింది.

మర్నాడు సమ్మెలో ఉన్న లీల టీచరు శిబిరానికొచ్చి గోడ చూసింది. “సదానందమన్నా, ఆడ ఉండేటివి హంసలు! గీ ఏనుగులు మీదికెట్ల ఎక్కినయే?”

శిబిరమంతా నవ్వింది. మామ నవ్వలేదు. ఎల్లుండి ఆ గోడ ముందే బతుకమ్మ ఆడతారు. ఊరంతా చూసే బొమ్మ, కింద ఆయన పేరు.

“బండి తియ్‌రా మిథున్. నా కండ్లతోని చూసినంకనే కుంచె పడ్త.”

బస్సులు బంద్. నా బండి మీదే పోయాం. కాజీపేటలో రోడ్డు మీద వంటావార్పు చేస్తున్నవాళ్లు ఆపి మరీ పప్పన్నం పెట్టారు. హన్మకొండ పొడుగునా గోడల మీద పిడికిళ్లు, తెలంగాణ పటాలు, బోనమెత్తిన ఆడబిడ్డలు. ప్రతి గోడ దగ్గరా మామ బండి ఆపించాడు.

“చెయ్యి మంచిగుంది గని, పిడికిలికి ఆరు వేళ్లు పెట్టిండు సూడు!” ముడుచుకున్న మొహం అక్కడ విప్పారింది.

కోటలో తోరణం ముందు మామ మెడ వెనక్కి వంచి పైకి చూశాడు. పైన రెండు కొసల్లోనూ హంసలు. కుంచెను నిలువుగా చాచి పట్టి, ఒక కన్ను మూసి కొలుచుకున్నాడు. సిగరెట్ పెట్టె అట్ట మీద గీసుకున్నాడు. తర్వాత స్తంభాల మొదట్లో వంగి వంగి వెతికాడు.

“ఏం పోయింది మామా?”

“చెక్కినోని పేరు. ఏడ లేదురా. గింత పని చేసి సంతకం పెట్టుకోలే, పిచ్చోడు!” అంటూ రాతిని భుజం తట్టినట్టు తట్టాడు.

తిరుగు దారంతా వెనక కూర్చుని ఈల వేస్తూనే ఉన్నాడు. మర్నాడు ఏనుగుల మీద సున్నం పడింది. మధ్యాహ్నానికి హంసలు వాలాయి. లీల టీచరు చప్పట్లు కొట్టింది. మామ మాత్రం ఆగకుండా గోడ కింది మూలన బుల్లి ఏనుగొకటి గీయడం మొదలుపెట్టాడు.

“ఇంక ఏనుగెందుకు మామా? అంత పెద్ద పనోడే పేరు రాసుకోలే. నువ్వు గూడ సంతకం తీసేస్తవా ఏంది?”

“నా పేరు హంసల కింద ఉంటది. గీ ఏనుగు కింద నీ పేరు రాస్త. ఇంటిపేరుతోని సహా చెప్పు.”