డెమో క్లాసులో సూర్యుడు

2012 వేసవిలో ముషీరాబాద్‌లో నేను పాఠాలు చెప్పే చిన్న బడి మూతపడింది. ఇంట్లోకి అప్పటికి వచ్చేది నా జీతమొక్కటే. అశోక్‌నగర్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివించే ఒక కోచింగ్ సెంటర్‌కు జనరల్ సైన్స్ చెప్పేవాళ్లు కావాలని తెలిసి, చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి నడుచుకుంటూ వెళ్లాను.

ఆ సెంటర్లలో ఇంటర్వ్యూ ఉండదు, డెమో క్లాసు ఉంటుంది. గంటసేపు పాఠం చెప్పాలి. తర్వాత ఓనరు వచ్చి, మనల్ని అక్కడే నిలబెట్టి, "ఈ మేడం కావాల్నా?" అని పిల్లల్ని అడుగుతాడు. చేతులు లేస్తే ఉద్యోగం, లేకపోతే మంచినీళ్లు తాగి ఇంటికి. పెళ్లిచూపులే నయం, కబురు తర్వాత పంపుతారు.

నాకిచ్చిన పాఠం సూర్యుడు, కాంతి శక్తి. క్లాసేమో సెల్లార్‌లో. పట్టపగలు ట్యూబ్‌లైట్లు వేసుకుని సూర్యుడి గురించి చెప్పడమేమిటని ఒళ్లు మండి, అందరినీ మేడ మీదికి రమ్మన్నాను. కిటికీ లేని హాస్టల్ గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు, కళ్లు చికిలించుకుంటూ నీళ్ల ట్యాంకు పక్కన నిలబడ్డారు. బడిలో వాడిన భూతద్దం నా సంచీలోనే ఉంది. తెల్లకాగితం మీద ఎండను చుక్కలా పట్టాను. కాసేపటిదాకా ఏమీ కాలేదు. అదే కాగితాన్ని పెన్నుతో నల్లగా రుద్ది పట్టేసరికి పొగ లేచి చిల్లు పడింది. తెలుపు వెలుతురును చాలావరకు తిప్పి పంపేస్తుందని, నలుపు లోపలికి పీల్చుకుని వేడెక్కుతుందని చెప్పాను. పొద్దున మెస్సులో తిన్న అన్నం కూడా ఆకులు పట్టి దాచిన ఎండేనన్నాను. నా పాఠం నాకే ముద్దొచ్చింది.

ముందు నిలబడ్డ అమ్మాయి, నల్లగొండ వైపు నుంచి వచ్చినామె, పెన్ను తెరిచి పట్టుకునే ఉంది.

"మేడం, ఇది బిట్ అయితదా?"

బిట్ అంటే పరీక్షలో వచ్చే ఒక్క మార్కు ప్రశ్న. అక్కడి చదువంతా దాని చుట్టూనే తిరిగేది.

"ఇది అర్థమైతే ఏ బిట్ అయినా చేయొచ్చమ్మా," అన్నాను. ఆమె పెన్ను మూసేసింది.

కిందికొచ్చాక ఓనరు అడిగాడు. రెండో మూడో చేతులు లేచాయి. ఆ అమ్మాయి చెయ్యి లేవలేదు. "మంచిగ చెప్పిన్రు సార్. మొత్తం సమజైంది. కానీ గింత టైం మాకు ఏడున్నది?" అంది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అర్థం కాలేదంటే సర్దుకునేదాన్ని. రేపు ఇంకొక్క డెమో ఇవ్వనివ్వమని ఓనరును బతిమాలుకున్నాను.

మర్నాడు సెల్లార్‌లోనే, బోర్డు ముందు నిలబడి బిట్లు చెప్పుకుంటూ పోయాను. వెలుతురు సూర్యుడి నుంచి భూమికి రావడానికి ఎనిమిది నిమిషాల పైచిలుకు. సూర్యుడిలో శక్తికి మూలం కేంద్రక సంలీనం. ఆకుల్లో వెలుతురును పట్టేది పత్రహరితం. ఒక్కరూ తల ఎత్తలేదు, రాసుకుంటూనే ఉన్నారు. ఓనరు అడిగితే క్లాసంతా చేతులెత్తింది. ఇంట్లో పొయ్యి గురించి బెంగ తీరింది కానీ, గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.

సంచీ సర్దుకుంటుంటే ఆ అమ్మాయి వచ్చి నిలబడింది. ఏ బిట్ వదిలేశానో అనుకున్నాను.

"మేడం, నిన్నటి అద్దం తెచ్చిన్రా?"

"ఉందమ్మా. ఎందుకు?"

"నిన్న రాసుకునే తొందరల సరిగ చూడలే. జర మేడ మీదికి పోదమా? ఈసారి నేను పట్టి చూస్త. బిట్ కాకున్నా మంచిదే."