చుక్కబండి వెనక సీటు

మా ఆయనకు నేను రెండో భార్యని. మొదటిది జర్మనీ మనిషి. నా మెళ్ళో తాళి పడటానికి రెండేళ్ళ ముందు నుంచే ఆయన ఆమెతో ఉంటున్నాడు, పెళ్ళిచూపుల్లో ఆ సంగతి ఎవరూ దాచలేదు కూడా. "అబ్బాయి గుడివాడలో జర్మనీ కారు తోల్తాడంట" అని మా నాగాయలంక వాళ్ళు గొప్పగా చెప్పుకుంటుంటే నేనూ మురిసిపోయాను. టీచరు ట్రైనింగు పాసైన దాన్ని, నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదవగలిగిన దాన్ని, సవతి మీదికి వెళ్తున్నానని మాత్రం పోల్చుకోలేకపోయాను.

ఆ కారు ఒక బియ్యం మిల్లు షావుకారు గారిది. పక్క మిల్లాయన కొత్త కారు కొన్నాడని పంతం పట్టి, ఎవరో జమీందారు గారి వారసులు అమ్మకానికి పెట్టిన పాత కారును ఈయన తెచ్చుకున్నారు. తెచ్చుకున్నాక ఆయన ఎక్కింది తక్కువ. కారెక్కితే నిద్రొస్తుందనీ, రైల్లో అయితే నలుగురితో మాట్లాడుతూ వెళ్ళొచ్చనీ ఆయన వాదం. దాంతో ఆ కారును ప్రేమించే బాధ్యత పూర్తిగా మా ఆయన మీద పడింది. నల్లటి ఒళ్ళు, పొడుగాటి ముక్కు, ఆ ముక్కు చివర ఒక రింగులో నిలబెట్టిన మూడు కొమ్మల వెండి రంగు చుక్క. మా పెళ్ళి ఫొటోలో నేను మసగ్గా పడ్డాను గాని, ఆ చుక్క ఏ ఫొటోలో పడినా నిగనిగలాడుతూనే పడేది.

ఆ చుక్కకు అర్థం చెప్పని మనిషి గుడివాడలో లేడు. మా అత్తయ్య లెక్కలో అది బేత్లెహేము చుక్క. మూడు కొమ్మలంటే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ. జర్మనీ వాళ్ళు భక్తిపరులు కాబట్టి కారుకు పెట్టుకున్నారు. కారు ఎప్పుడైనా కనబడితే ఆవిడ వెళ్ళి చుక్కను చేత్తో తాకి వచ్చేది. "మనం విగ్రహాలకు మొక్కం కదండీ" అని నేనంటే, "మొక్కలేదమ్మాయ్, దుమ్ము తుడిచాను" అనేది. మా పుట్టింటి వైపు సముద్రం మీదికి వెళ్ళే వాళ్ళు ఇంకో మాటన్నారు. ఒకసారి షావుకారు గారిని దించడానికి కారు నాగాయలంక దాకా వెళ్తే, వాళ్ళు చుట్టూ తిరిగి చూసి, "లాంచీ పంకా ఇది. ఎనకాల ఉండాల్సింది ముందుకు పెట్టారేంటండీ?" అని జాలిపడ్డారట. తమాషా ఏమిటంటే, నేల మీదా నీళ్ళ మీదా గాలిలోనూ తమ ఇంజనే నడవాలన్నది ఆ మూడు కొమ్మల అర్థమని ఆ కారు కంపెనీయే చెప్పుకుంది. అంటే మా వలల వాళ్ళు మూడింట ఒక వంతు సరిగ్గానే చెప్పారు. భక్తిపరుల లెక్కే తప్పింది.

చివరికి ఊరంతా కలిసి దానికి చుక్కబండి అని పేరు పెట్టింది. మద్యనిషేధం రోజుల్లో అంతకంటే అధ్వాన్నమైన పేరు ఇంకొకటి దొరకదు. చుక్కంటే ఆకాశంలో ఉండేది మాత్రమే కాదు, సాయంత్రం పూట గొంతులోకి దిగేది కూడా. "చుక్కబండి వచ్చింది" అనగానే కొందరు పెద్దమనుషులు కండువా సర్దుకుని ఆశగా బయటికి వచ్చి, కారును చూసి నీరుగారి లోపలికి వెళ్ళిన సందర్భాలున్నాయి.

ఇక చరిత్ర. జమీందారు గారింటి నుంచి కారుతో పాటు ఒక ఇంగ్లీషు పత్రిక కూడా వచ్చింది, అందులో ఆ కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు ఉన్నాయి. మా ఆయనకు ఇంగ్లీషు రాదు. నేను చదివి తెలుగులో చెప్పాను. వారం తిరిగేసరికి ఆయన అదే చరిత్రను నాకు చెప్పడం మొదలుపెట్టాడు, నేనెప్పుడూ వినలేదన్నట్టు. కంచం ముందు కూర్చుంటే జర్మనీ, చెయ్యి కడుక్కుంటే జర్మనీ. ఆ కారు పేరు ఒక వ్యాపారస్థుడి కూతురి పేరట. కార్ల పందేల పిచ్చి ఉన్న ఆ తండ్రి బిడ్డ పేరే కారుకు పెట్టించాడట. కంపెనీ మూలపురుషుల్లో ఒకాయన పూర్వం ఇంటికి రాసిన కార్డు మీద తన ఇంటి పైన చుక్క గుర్తు గీశాడట, కొడుకులు అది గుర్తుపెట్టుకుని కారుకెక్కించారట. యుద్ధంలో ఫ్యాక్టరీ బాంబులకు కూలిపోతే మళ్ళీ ఇటుక ఇటుక పేర్చుకుని లేచారట. ఆ యుద్ధం తెచ్చిపెట్టిన నాయకుడు చెయ్యెత్తి ఊరేగింది కూడా ఆ కంపెనీ కార్లలోనే కదా అని నేనడిగితే మాత్రం మా ఆయనకు పొలమారేది. మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఇటుకల దగ్గర్నించి అందుకునేవాడు.

ఆ పత్రికలో నాకు నచ్చింది ఒక్కటే. మొట్టమొదటి మోటారు బండి కనిపెట్టినాయనకు దాన్ని బయటికి తీసే ధైర్యం చాలలేదు. ఆయన భార్య ఒక తెల్లవారుజామున మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆ బండి మీద పుట్టింటికి వెళ్ళిపోయింది. దారిలో నూనె అయిపోతే మందులషాపులో కొనుక్కుంది. గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకున్న పిన్ను తీసి పొడిచింది. ఆవిడ వెళ్ళొచ్చాకే లోకానికి ఆ బండి మీద నమ్మకం కుదిరింది. ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా మా ఆయన కళ్ళు చెమర్చేవి. "ఆడదంటే అట్టా ఉండాలి" అనేవాడు.

"అయితే నన్నొకసారి ఎక్కించి మా పుట్టింటికి తీసుకెళ్ళండి."

"అయ్యగారు ఒప్పుకోరు. డ్రైవరు ఇంటోళ్ళు ఎక్కకూడదు" అనేవాడు వెంటనే, కళ్ళు తుడుచుకుంటూ.

ఇక్కడ మా అత్తయ్య ఊతపదం ఒకటి చెప్పాలి. తెలిసిన వాళ్ళను తెలియనట్టు నటించే మనిషి కనబడితే ఆవిడ, "కోడి కూసిద్దిరా!" అని హెచ్చరించేది. ప్రభువును పట్టుకుపోయిన రాత్రి ఆయన శిష్యుడే మూడుసార్లు "ఆయనెవరో నేనెరగను" అన్నాడు కదా, అప్పుడు కూసిన కోడి అన్నమాట. అప్పు తీసుకుని మొహం చాటేసినవాడి దగ్గర్నించి, సంతలో పలకరించని వియ్యపురాలి దాకా మా ఇంట్లో అందరికీ అదే కోడి.

నాకు బందరులో ఒక బళ్ళో టీచరు పని కోసం పిలుపు వచ్చింది. పదింటికల్లా మేనేజరు గారి ఎదుట ఉండాలి. ఖాళీ ఒక్కటే, వరండాలో కూర్చునేవాళ్ళు చాలామంది. ట్రైనింగు పాసై వంటింట్లో పొగ పీలుస్తున్న నాకు అది దక్కకపోతే ఇంకొకటి ఎప్పుడొస్తుందో తెలియదు. సరిగ్గా ఆ రోజే కారు కూడా బందరు వెళ్తోంది. ముందు రోజు రైల్లో వెళ్ళిన షావుకారు గారిని తీసుకురావడానికి ఖాళీగా వెళ్తోంది. "ఖాళీ బండే కదండీ" అన్నాను. "ఖాళీ బండంటే ఖాళీగానే ఎళ్ళాలి" అన్నాడు, అదేదో జర్మనీ చట్టమైనట్టు. నేను బస్సెక్కాను.

కవుతరం దాటగానే బస్సు ఆగిపోయింది. డ్రైవరు కిందికి దూరాడు. కండక్టరు కాలవగట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. బస్సు సంగతి ఆ బీడీని చూస్తేనే తెలిసిపోయింది. అప్పుడు వెనక నుంచి మెల్లగా, పెళ్ళికూతురులా, మా సవతి వచ్చింది. నేను గొడుగు అడ్డం పెట్టి రోడ్డు మధ్యలో నిలబడ్డాను.

మా ఆయన ముందు బస్సు జనాన్ని చూశాడు, తర్వాత నన్ను. "బస్సు ఇప్పుడే బాగైపోద్దిలే" అన్నాడు అద్దంలోంచి.

"రేప్పొద్దుటికి బాగైద్దండీ" అన్నాడు కండక్టరు గట్టు మీద నుంచి.

నేను వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాను.

"ఎనకెందుకెక్కావ్? అది అయ్యగారి సీటు!"

"అయ్యగారు బందర్లో ఉన్నారు. సీటుకేం తెలుస్తుంది? పోనివ్వండి, పదింటికి నేనక్కడుండాలి."

నిజం చెప్పాలి. సవతి అందగత్తే. తలుపు వేస్తే చప్పుడు కాలేదు, ఎవరో మెత్తగా "ఊఁ" అన్నట్టు మూసుకుంది. తోలు సీటు వాసన కొత్త బైబిలు అట్ట వాసనలా ఉంది. బస్సులో నా నడుము విరిచిన గోతులు అవే, ఆ రోడ్డు అదే, కానీ అవి ఇప్పుడు ఎవరికో జరుగుతున్నట్టుంది. వరిచేలు అద్దంలోంచి జారిపోతుంటే, ఈయన దీన్నెందుకు వదల్లేడో నాకు అర్థమైంది. అర్థమయ్యేసరికి ఒళ్ళు మండింది. ఇంత సుఖం ఉందని తెలిసీ ఇన్నాళ్ళూ నాకు కథలు మాత్రమే చెప్పాడు.

పెడనలో పిల్లలు మామూలుగానే "చుక్కబండి! చుక్కబండి!" అని అరుస్తూ వెంటపడ్డారు. రోడ్డు పక్కన మద్యనిషేధం వాళ్ళ కాపలా ఉంది. అక్కడి పోలీసు ఏ ఊరి నుంచో కొత్తగా బదిలీ అయి వచ్చాడు. ఆ కేక విని చెయ్యి అడ్డంపెట్టి కారాపాడు.

"చుక్కెక్కడ?" అన్నాడు.

మా ఆయన ఛాతీ విరుచుకుని దిగి బానెట్టు చివరకు చూపించాడు. "ఇదిగోండి. జర్మనీది."

"నాతోనే ఏళాకోళమా?"

పోలీసు డిక్కీ తెరిపించాడు. సీట్ల కింద చేతులు పెట్టాడు. నా టిఫిను గిన్నె మూత తీసి పెరుగన్నం వాసన చూశాడు, ఆవకాయ ముక్కను కూడా అనుమానించాడు. నా గుండె పదింటి వైపు పరుగెత్తుతోంది. చివరికి ఆయన నా వైపు చూసి, "ఈమెవరు?" అన్నాడు.

మా ఆయన నోరు తెరిచాడు. వెనక సీట్లో నేనున్నాను, ముందు చుక్క ఉంది. "అయ్యగారి చుట్టాలండీ" అన్నాడు.

పోలీసు గభాలున గిన్నెకు మూతపెట్టి, రెండు చేతులతో నాకందించి, "పొరపాటైందమ్మా" అని దణ్ణం పెట్టాడు. నా జీవితంలో పోలీసు దణ్ణం అదొక్కటే, అదీ ఎవరో చుట్టానికి పెట్టింది.

కారు కదిలాక అడిగాను. "ఎప్పుడయ్యానండీ చుట్టాన్ని?"

"ఏం చెప్పమంటావ్? డ్రైవరు పెళ్ళాన్ని ఎనక సీట్లో ఏసుకు తిప్పుతున్నాడని నవ్వరూ?"

నాకు పని దొరికింది. ఆ ముక్క ఇంత పొట్టిగా చెప్తున్నందుకు ఏమనుకోవద్దు, అడిగినవి చెప్పాను, అంతే. బయటికొచ్చి కోనేరు సెంటరులో బస్సు కోసం ఎండలో నిలబడితే, షావుకారు గారితో కారు ఎదురైంది. ఆయన నన్నెప్పుడూ చూడలేదు, మేముండేది మిల్లుకు దూరంగా. "ఎవరయ్యా ఆ అమ్మాయి, నిన్నే చూస్తోంది?" అని ఆయన అడగడం నాకు వినబడింది.

"మా ఊరి మనిషండీ" అన్నాడు నా మొగుడు.

"పాపం, ఎండలో నిలబడిందే. గుడివాడేనా అమ్మా? ముందెక్కు."

ఎక్కాను. ముందు సీట్లో మా ఆయన పక్కన, జానెడు దూరంలో, ఊరి మనిషిలా కూర్చున్నాను. ఉద్యోగం వచ్చిన సంతోషం చెప్పుకోవడానికి ఆ కార్లో నావాళ్ళెవరూ లేరు.

పెడనలో అదే పోలీసు. షావుకారు గారిని చూసి పరుగెత్తుకొచ్చాడు. "పొద్దున మీ చుట్టాలావిడని జాగ్రత్తగా పంపించానండీ!"

"ఏ చుట్టాలావిడ?"

"ఈవిడేనండీ!"

"ఈమె నాకు చుట్టమా? మా డ్రైవరు ఊరి మనిషి గదయ్యా!" అంటూ షావుకారు గారు మా ఆయన వైపు చూశారు. పోలీసూ చూశాడు. నేను చుక్క వైపు చూశాను. మూడోసారి కూడా ఎరగనంటే ఈ మనిషి ఇంట్లోకి మళ్ళీ ఏ మొహంతో అడుగు పెట్టాలి అనుకున్నాను. నాగాయలంక బస్సు ఎన్నింటికో కూడా అనుకున్నాను.

మా ఆయన స్టీరింగు వదిలి వెనక్కి తిరిగాడు. "మా ఆవిడండీ" అన్నాడు. గొంతు ఇంజనులోంచి వచ్చినట్టుంది. "టీచరు పనికొచ్చిందండీ."

షావుకారు గారు ముందుకు వంగారు. "కట్టుకున్న దాన్ని ఊరి మనిషంటావేంటయ్యా?"

"ఇంటోళ్ళు ఎక్కకూడదు గదండీ."

"ఎవరన్నారు?"

మా ఆయన అద్దం సర్దుకున్నాడు.

"నేనెప్పుడన్నానయ్యా? ఉత్తినే ఖాళీగా తోలేదానికి నీ పెళ్ళాం ఎక్కితే నాకేం నష్టం?"

మా ఆయన కారు కదిలించాడు, గుడివాడ దాకా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. నాకు మాత్రం తెలిసిపోయింది. నన్నెక్కనివ్వనిది షావుకారు గారు కాదు, జర్మనీ వాళ్ళు అసలే కాదు. మనలాంటి వాళ్ళు ఆ సీటుకు తగమని ఈయనే తీర్పు చెప్పి, కింద అయ్యగారి సంతకం పెట్టుకున్నాడు. కోపం వచ్చింది. కోపం వెనకాలే జాలి కూడా వచ్చింది, అది వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

మా ఆయన షావుకారు గారిని దించి, ఆయనే గట్టిగా చెప్పడంతో, కారును మా ఇంటి ముందు దాకా తెచ్చాడు. నేను లోపలికి వెళ్ళి మా అత్తయ్యకు ఉద్యోగం సంగతి, దాని వెనకాలే ఈ సంగతి కూడా చెప్పాను. ఆవిడ బియ్యం ఏరడం ఆపింది.

"ఎన్నిసార్లన్నాడు?"

"రెండుసార్లండీ. మూడోసారి ఒప్పుకున్నారు."

"అయితే మనోడు ఒక్కదాంట్లో నయమే" అని, కాసేపాగి అడిగింది. "ఆ శిష్యుడు బయటికెళ్ళి ఎక్కెక్కి ఏడ్చాడమ్మాయ్. ఈడేం చేస్తన్నాడు?"

నేను గుమ్మంలోంచి తొంగి చూశాను.

"బయటికైతే వెళ్ళారండీ. చుక్క తుడుస్తున్నారు."