మైకు నా చేతికి వచ్చేసరికి

తొలివానకే పత్తి గింజ పెట్టొద్దని మా బాపుకు ఫోన్‌లో ముందే చెప్పాను. వాతావరణ మార్పుల మీద పరిశోధన చేస్తున్నదాన్ని. ఆ వాన తర్వాత చాలా రోజులు ఎండ కాసేలా ఉందని నా లెక్క. బాపు విన్నాడు.

"నాకొక్కనికి జెప్తే ఏం లాభం బిడ్డా? ఊరంత ఇత్తనం బెడ్తాంటే నేనొక్కణ్నే గట్టు మీద కూసుంటే నవ్వరా? అందరికి జెప్పు. అందరం ఆగుతం."

మా దేవరకొండ దిక్కు అంతే. తొలివానకు నేల తడిసిందంటే ఎవరి చేనూ ఖాళీగా ఉండకూడదు. ఉంటే ఆ ఇంట్లో ఏదో కష్టం వచ్చిందనుకుంటారు.

సరే, అందరికీ చెబుదామని ఇద్దరు తోటి పరిశోధకులతో మా ఊరి రైతువేదికలో ఏర్పాటు చేయించిన సభకు వెళ్లాను. అప్పటికే తొలివాన పడింది. అయినా హాలు నిండింది. ముందు వరుసలో బాపు, ఉతికిన రుమాలు తలకు చుట్టుకుని. "మా బిడ్డ జెప్తది, జర ఆగుండ్రి" అని పక్కవాళ్లను కూర్చోబెడుతున్నాడు.

ముఖ్య అతిథి వచ్చేదాకా మొదలుపెట్టకూడదట. వచ్చాక దీపం. అది గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించడం. వేదిక మీదికి తనను పిలవలేదని ఒక పెద్దమనిషి అలిగితే ఆయన్ని బతిమాలడం. తర్వాత శాలువాలు. నాకూ ఒకటి కప్పారు, ఆ ఉక్కలో! అతిథిగారేమో తన చిన్నప్పటి వానల గురించి చెబుతూనే ఉన్నాడు. రైతులు లేచి పోతున్నారని నిర్వాహకుడి చెవిలో మొత్తుకున్నాను.

"ఒక్క నిమిషం మేడం, ఫొటో కానియ్యిండ్రి."

ఒళ్లు మండిపోయింది. ఫొటో దిగడానికా నేనొచ్చింది?

తడి ఆరిపోతుందని ఒక్కొక్కరే బయటపడ్డారు. బాపు ఒకరిద్దరిని చెయ్యి పట్టుకుని ఆపాడు. చివరికి నా వైపు ఒకసారి చూసి తనూ లేచాడు. ఆ తర్వాత ఎప్పటికో మైకు నా చేతికి వచ్చేసరికి హాల్లో కుర్చీలు సర్దేవాళ్లే మిగిలారు. మైకు అక్కడే పెట్టేసి చేను దగ్గరికి పరుగెత్తాను.

బాపు, అమ్మ చివరి సాలులో వంగి గింజలు పెడుతున్నారు. చుట్టుపక్కల చేలన్నింటిలో అదే పని.

"ఆగమన్నా కదా బాపూ!" అని అరిచాను.

బాపు నడుం ఎత్తి నా భుజాల మీదికి చూశాడు. "ఆగిన బిడ్డా. నువ్వు నోరిప్పుతవేమోనని గంత సేపు ఆగిన. నువ్వేమో గా శాలువ గప్పుకొని కూసుంటివి."

మొలకలు లేచాయి. ఆ తర్వాత చినుకు లేదు. ఊరంతటి మొలకలూ మాడిపోయాయి.

మళ్లీ వాన పడ్డాక బాపుతో కలిసి అదే చేనులో గింజలు పెడుతుంటే ఫోన్ మోగింది. నిర్వాహకుడు.

"మన ప్రోగ్రాం మస్తు సక్సెస్ అయింది మేడం. ఫొటోలు గిట్ల మంచిగొచ్చినయి. మళ్లొకటి పెడ్దామా?"