థ్రాటిల్ మీది మసి

అందరి గుండెల్లో ఉండి ఊపిరి నడిపించే నరసింహస్వామికి వేయి దండాలు.

నిన్న కారు షెడ్డులో క్లీనింగ్ స్ప్రే వాసన తగలగానే చిన్నప్పుడు చందాపుర ఊళ్లో జరిగిన సంగతి గుర్తొచ్చింది. రాళ్లు కోసే పనిలో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన తాతను నాన్న ఆస్పత్రికి తీసుకెళ్తున్నాడు. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, కారు వణికి ఆగిపోయేది. వెనక సీట్లో తాత ఊపిరీ అలాగే తడబడేది. చివరికి నాన్న ఒక షెడ్డు ముందు ఆపాడు.

మెకానిక్ గొట్టం విప్పి, ఇంజిన్‌కు గాలి వదిలే థ్రాటిల్ మీద స్ప్రే కొట్టి తుడిచాడు. గుడ్డంతా నల్లటి మసి.

“గాలి పోయే దారి మూసుకొనుండాది అన్నా. కాలు తీస్తే ఐడిలింగ్ యాడ నిలుస్తాది?”

మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజిన్ వణక్కుండా నిలకడగా నడిచింది. నేను మెకానిక్ చొక్కా పట్టుకున్నాను.

“అప్పా, మా తాతకూ అట్లే తుడుస్తావా?”

తాత దగ్గుతూనే నవ్వాడు. “నన్ను ఇప్పే స్పానరు ఈయప్ప కాడ లేదమ్మీ.”

ఆ వానాకాలం తాత దాటలేదు. రాతిదుమ్ము తుడిస్తే పోయేది కాదని పెద్దయ్యాక తెలిసింది.

పడుకుంటే ఊపిరాడక ఈ పూట కూర్చునే నిద్రపోయే రాతిపనివాళ్ల కోసం నాతోపాటు ఒక్కసారి స్వామికి చేతులు జోడించండి.