బొమ్మలూ కెమిస్ట్రీ కలిసే చోటు

పన్నెండో తరగతి చదివిన ఏడాది నేను ఒక చోట కుదురుగా కూర్చున్నట్టు గుర్తు లేదు. పారమట్టాలో మా అపార్ట్‌మెంటు బాల్కనీ పక్కన నా బల్ల ఉండేది. పుస్తకం తెరిచి రెండు పేజీలు తిప్పేసరికి లేచేదాన్ని. వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచి, ఏమీ తీసుకోకుండానే మూసి, మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని. యూనివర్సిటీ దరఖాస్తులో ఏ కోర్సు ముందు కావాలో, ఏది తర్వాతో వరసగా చెప్పాలి. గడువు ముగిసేదాకా ఆ వరస ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఆ వెసులుబాటే నా ప్రాణం మీదికొచ్చింది. పొద్దున కెమిస్ట్రీ పైన ఉంటే, సాయంత్రానికి ఫైన్ ఆర్ట్స్ పైకెక్కేది.

కాకినాడ నుంచి ఈ దేశానికి వచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మ ఇక్కడ మళ్లీ పరీక్షలు రాసి ఒక ఆసుపత్రిలో పాథాలజీ ల్యాబ్‌లో చేరింది. కొత్తలో ఇంగ్లీషు మాట్లాడటానికి జంకి, బడిలో ఎక్కువసేపు బొమ్మలు వేస్తూ గడిపాను. ఆ అలవాటు పోలేదు. కెమిస్ట్రీ మీద ఇష్టం తర్వాత మొదలైంది. అదీ పోలేదు. రెండిట్లో ఒకటి కాస్త తక్కువ ఇష్టమైనా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

కెరీర్ సలహాలు చెప్పే టీచరు, సైన్సూ ఆర్ట్సూ కలిపి ఒకేసారి రెండు డిగ్రీలు చదివే దారి ఉందని చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ ఊరట ఇంటికి చేరేదాకా కూడా నిలవలేదు. రెండూ చదివి చివరికి ఏమవుతాను?

శని ఆదివారాల్లో తెలుగువాళ్ల ఇళ్లకి బార్బెక్యూలకు వెళ్లినప్పుడు ఎవరో ఒక అంకుల్ పేపర్ ప్లేటు పట్టుకుని వచ్చి, యూనిలో ఏం తీసుకుంటున్నావమ్మా అని అడిగేవారు. ఒకరికి కెమిస్ట్రీ అని చెప్పేదాన్ని, ఇంకొకరికి డిజైన్ అని. ఒకసారి రెండు జవాబులూ నాన్న చెవిన పడ్డాయి. తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగారు.

“వాళ్లకి ఏం చెప్పినా పర్లేదు. నాకు మాత్రం ఒక్క సెంటెన్స్‌లో చెప్పు. ప్లాన్ ఏంటి?”

“ప్లాన్ లేదు నాన్నా. రెండూ వదల్లేను, అంతే.”

ఆయన కోప్పడలేదు. డేటా సైన్స్ గురించి మొదలుపెట్టారు. అందులో లెక్కలూ ఉంటాయి, రంగురంగుల చార్టులూ ఉంటాయి, నీకు సరిపోతుందన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను కిటికీ అద్దం దించి, ఎత్తి, మళ్లీ దించాను.

అలాంటి రోజుల్లో మా ఆర్ట్ టీచరు ఒక సంగతి చెప్పింది. సిటీలోని ఒక గ్యాలరీలో పాత చిత్రాలను బాగుచేసే గది ఉందట. ఒక శనివారం దాన్ని అందరికీ చూపిస్తారట. ఇంట్లో చెబితే అమ్మ తనూ వస్తానంది. ఆ రోజు ఆమెకు డ్యూటీ లేదు. నేను ఇంట్లో అటూ ఇటూ తిరగడం చూసి చూసి ఆమెకీ విసుగొచ్చి ఉంటుంది.

పట్టాల పనుల వల్ల ఆ రోజు రైళ్లు లేవు, వాటి బదులు బస్సులు వేశారు. దారి పొడుగునా నా కాలు ఆడుతూనే ఉంది. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది.

ఆ గదికి దక్షిణం వైపు పెద్ద కిటికీలు. భూగోళంలో దక్షిణ సగాన ఉన్న ఈ దేశంలో ఎండ నేరుగా పడకుండా నిలకడైన వెలుతురు వచ్చేది అటునుంచే. బల్ల మీద ఒక నది బొమ్మ పడుకోబెట్టి ఉంది. సగం తేటగా, సగం టీ డికాక్షన్ ఒలికినట్టు గోధుమరంగులో. కళ్లకు భూతద్దాలు తగిలించుకున్న ఒకావిడ వెదురుపుల్ల కొసకు దూది చుట్టి, దాన్ని నోట్లో తడిపి, బొమ్మలోని ఆకాశం మీద మెల్లగా దొర్లించింది. దూది నల్లబడింది. కింద నీలం బయటపడింది.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఛీ, ఎంగిలే,” అంది గొంతు తగ్గించి.

అలా అన్నదే గానీ అక్కణ్ణించి కదల్లేదు. రెండో దూది కూడా నల్లబడేదాకా చూసి, ఇంగ్లీషులో ఆవిడని అడిగింది, ఉమ్ములోని ఎంజైముల కోసమేనా అని. ఆవిడ తలెత్తి నవ్వింది. ఇక ఇద్దరూ మాటల్లో పడ్డారు. మధ్యలో అమ్మ నా వైపు తిరిగింది.

“ఉమ్ములో ఎంజైములుంటాయే. మురికిలో ఉన్న పిండినీ జిడ్డునీ మెల్లిగా విడగొడతాయి. రంగు జోలికి అంతగా పోవు. ఇదంతా కెమిస్ట్రీయే.”

నా కాలు ఆగిపోయిందని అప్పుడు గమనించాను. ఏం చదివారని ఆవిడని అడిగాను. మొదట కెమిస్ట్రీ, దాంతోపాటు కళల చరిత్ర, కొంత డ్రాయింగ్, తర్వాత వేరే ఊళ్లో ఈ పనికే సంబంధించిన మాస్టర్స్ అని చెప్పింది. ఉద్యోగాలు చాలా తక్కువనీ, పర్మనెంటు కావడానికి తనకి ఏళ్లు పట్టిందనీ దాచకుండా చెప్పింది.

తిరుగు బస్సులో మనసు కుదుటపడాలి కదా, పడలేదు. అంతకుముందు ఎటు వెళ్లాలో తెలియక తిరిగాను. ఇప్పుడు తెలిసింది, అది చాలా దూరంలో ఉంది.

“ఉద్యోగాలు తక్కువట. విన్నావుగా?” అంది అమ్మ.

“విన్నాను.”

“అయినా అదేనా?”

“అదేనమ్మా.”

“అయితే ఫిజికల్ కెమిస్ట్రీ మాత్రం వదలకు. చాలామంది అక్కడే డ్రాప్ చేసేస్తారు.”

ఆ సాయంత్రం నాన్నకు చెప్పాను. పాత బొమ్మలు పాడైపోకుండా చూసే పని, దానికి కెమిస్ట్రీ రావాలి, బొమ్మ వేయడం చేతికి తెలిసుండాలి అని. ఒక్క వాక్యంలోనే చెప్పాను. దేశం మొత్తం మీద ఇలాంటి చోట్లు ఎన్నుంటాయని అడిగారు. కొద్దిగానే అన్నాను. సరే అనలేదు, వద్దనీ అనలేదు. తర్వాతి బార్బెక్యూలో మాత్రం ఒక అంకుల్ నన్ను అడగబోతే, నాన్నే ముందుకొచ్చి మా అమ్మాయి మ్యూజియం ఇంజినీరింగ్ చేస్తుందని చెప్పారు. అలాంటి చదువు లేదు. నేను సరిదిద్దలేదు.

ఆ రెండు డిగ్రీల కోర్సులో సీటు వచ్చింది. ఇప్పుడు రెండో ఏడు చదువుతున్నాను. కాగితం మీద రెండు చదువులూ చక్కగా కలుస్తాయి. టైంటేబుల్లో కలవవు. ఈ సెమిస్టరులో ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబూ డ్రాయింగ్ స్టూడియో ఒకే రోజు మధ్యాహ్నం పడ్డాయి, రెండిటికీ తప్పకుండా హాజరవ్వాలి. డ్రాయింగ్ వచ్చే ఏడాదికి జరుపుకోమన్నారు. జరిపాను. అప్పటినుంచి చేతులకు ఏమీ తోచడం లేదు. ల్యాబ్‌లో ద్రావణం మరిగేలోగా ఫ్లాస్కుల బొమ్మలు వేస్తుంటే, పక్కనున్న అమ్మాయి రిపోర్టులో బొమ్మలు అక్కర్లేదంది.

ఇంకో పక్క కళల చరిత్ర క్లాసులో, తెర మీద చూపించే చిత్రాల్లో మిగతావాళ్లు మనుషుల్ని చూస్తారు. నా చూపు పైపూత పగుళ్ల మీదికి పోతుంది. అక్కడ ఉంటే ఇక్కడ ఏదో పోగొట్టుకుంటున్నట్టు, ఇక్కడ ఉంటే అక్కడ. అయినా వరస మార్చాలని మాత్రం అనిపించలేదు.

గ్యాలరీలోని ఆ గదిలో సెలవుల్లో జీతం లేకుండానైనా ఏదైనా పని చేస్తానని పోయిన వారం మెయిల్ పంపాను. ఇంకా జవాబు లేదు. బస్‌స్టాపులో నిలబడ్డప్పుడల్లా ఫోన్ తీసి చూస్తున్నాను.