పూలముడి వేసిన కరెంటు తీగలు

మా ఆయన చింతామణి హైస్కూల్లో సైన్సు మేష్టరుగా చేరి ఏడాదయింది గానీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇన్స్పెక్టరు వచ్చి, పాఠం విని, బాగుందని రాస్తేనే అవుతుంది. లేకపోతే మా అత్తగారి ఊరు పరగోడుకు తిరిగిపోయి మామగారి వేరుశనగ చేలు చూసుకోవాలి. చేలంటే నాకు కోపం లేదు. కానీ కొత్తగా పెట్టుకున్న కాపురం, నా ఇష్టమొచ్చినట్టు పోపు వేసుకునే వంటిల్లు వదులుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. ఆ మాట పైకి అనలేదు, అత్తగారి చెవిన పడుతుందని.

ఆయన చెప్పబోయే పాఠం కరెంటు తీగ గురించి. వారం రోజులు మా వంటింటి గచ్చు మీదే సాధన చేశారు. బాగేపల్లి బస్సువాళ్ళు ఇచ్చిన పాత బ్యాటరీ, బస్సు ముందు దీపం బల్బు, నూలు తొడుగున్న రెండు తీగలు, ఒక దిక్సూచి. బ్యాటరీ నుంచి బల్బుకు కరెంటు పోయే తీగ ఒకటి, తిరిగి వచ్చే తీగ ఇంకొకటి. పోయే తీగను దిక్సూచి ముల్లు వెంబడే పైన చాపి బల్బు వెలిగిస్తే, ముల్లు చప్పున పక్కకు తిరిగేది. ఆర్పితే మళ్ళీ ఉత్తరం చూసేది. దిక్సూచిని తీగ మీదికి మారిస్తే రెండో పక్కకు తిరిగేది.

"తీగ ముల్లును తాకనే లేదు కదా, ఈ బలం యాడినుంచి వస్తాది?" అని అడిగాను.

ఆయన నా చేయి పట్టుకుని గాజులు చూపించారు. "ఈ చేయి తీగ అనుకో. దాంట్లో కరెంటు పారుతాంటే చుట్టూ అయస్కాంత బలం ఈ గాజుల మాదిరి ఉంటాది. బ్యాటరీ తగిలించినా కరెంటు పారలేదంటే గాజుల్లేవు, అంతే."

నాకు భలే నచ్చింది. ఆ పూట పప్పు మాడిపోయింది.

ఇన్స్పెక్టరు వచ్చే ముందురోజు సాయంత్రం చూస్తే సంచిలో తీగలు చిక్కుపడి ఉన్నాయి. మా పుట్టిల్లు బట్లహళ్ళి. పూలు కట్టడంలో నా చేతికి పేరుంది, చిక్కు కనబడితే ఊరుకోలేను. రెండు తీగలనూ జతచేసి, తడిపిన అరటినారతో బెత్తెడుకొక పూలముడి వేసి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా కట్టేశాను. పొద్దున ఆయన చూసి "భలే ఉండాదే!" అని మురిసిపోయారు. దాంతో రాబోయే చిక్కు సైన్సు చదివిన ఆయనకే తట్టలేదు, నాకేం తడుతుంది?

ఆ రోజు బడికి ఊరి పెద్దలను కూడా పిలిచారు. ఆడవాళ్ళం ఒక పక్కన చాపల మీద కూర్చున్నాం. ఆయన స్విచ్చి వేశారు. బల్బు వెలిగింది. ముల్లు కదల్లేదని నాకు ఆయన మొహం చూస్తేనే తెలిసింది. ఆర్పి మళ్ళీ వేశారు, దిక్సూచిని తట్టారు.

"బల్బు వెలిగించడం మా ఇంట్లో పిల్లలకూ వచ్చు మేష్ట్రే" అన్నారు ఇన్స్పెక్టరు, మా సర్కారు భాష కన్నడంలో. ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు నా చూపు ఆ తీగల మీద పడింది. ఇంట్లో విడివిడిగా పరిచేవాళ్ళం. ఇక్కడ జంటగా ఉన్నాయి, నేను కట్టిన కట్టుతో. కొత్తకోడలు మగవాళ్ళ మధ్యకు పోయి మాట్లాడడం మాలో లేదు. కొంగు నిండా కప్పుకుని లేచాను.

"సామీ, ఆ ముడులు నేను వేసినా. రవ్వంతసేపు ఉండండి, విప్పేస్తా."

ముడులు బిగుసుకుపోయి ఉంటే, నార పళ్ళతో తెంచాను. పోయే తీగను దిక్సూచి మీదే ఉంచి, వచ్చే తీగను దూరంగా జరిపాను. "ఇప్పుడు వెయ్యండి" అన్నాను ఆయన వైపు చూడకుండా. ముల్లు చప్పున తిరిగింది.

మా ఆయన అందరివైపూ తిరిగారు. "ఇంతసేపూ ఎందుకు కదల్లేదో చూడండప్పా. ఒక తీగలో కరెంటు పోతాండాది, ఇంకోదాంట్లో వెనక్కి వస్తాండాది. జతగా ఉంటే ఇది కుడికి తిప్పబోతే అది ఎడమకు తిప్పబోతాది. ముల్లు పాపం యాడికి పోతాది?"

ఇన్స్పెక్టరు కుర్చీలోంచి లేచి వచ్చి, తీగలను తానే కలిపి, విడదీసి, మళ్ళీ కలిపి చూశారు. ఈసారి ఇన్స్పెక్టరు మొహంలో నవ్వుంది.

ఉద్యోగం ఖాయమైంది. నేను సభలో మాట్లాడిన సంగతి పరగోడు దాకా పోయి, అత్తగారు నెలరోజులు మా ఇంటివైపు రాలేదు. నా వంటింట్లో నేను హాయిగా ఉన్నాను.

ఆ తర్వాత ఏటా ఆ పాఠం ముందురోజు సాయంత్రం ఆయన రెండు తీగలూ, తడిపిన అరటినారా తెచ్చి నా ఒడిలో పెట్టేవారు.

"ముందు కదలని ముల్లు చూపియ్యాల. కట్టియ్యి" అనేవారు.